పెరిగింది ఇంటి ధరా, తగ్గింది రూపాయి విలువా?

తెనాలిలో ఒక తండ్రి 2012-13లో 40 లక్షలు పెట్టి ఇల్లు కొన్నాడనుకుందాం. ఆయన కాలం చేశాక ఆ ఇల్లు కొడుకుకీ కూతురికీ చెరి సగం వచ్చింది. కొడుకు గుంటూరులో లెక్చరరు, కూతురు డల్లాస్‌లో ఉద్యోగి. 2025-26లో ఇద్దరూ ఒకే దస్తావేజు మీద సంతకాలు చేసి ఇంటిని 76 లక్షలకు అమ్మారు. చెరో 38 లక్షలు వచ్చాయి. సెస్సు సంగతి పక్కన పెడితే, అన్న కట్టాల్సిన మూలధన లాభాల పన్ను 8,000 రూపాయలు. చెల్లెలు కట్టాల్సింది 2,25,000 రూపాయలు. ఇల్లు ఒకటే, తండ్రి కొన్న ధర ఒకటే, అమ్మిన రోజు ఒకటే, వాటాలు సమానం. పన్ను మాత్రం ఇరవై ఎనిమిది రెట్లు ఎక్కువ.

ఇందులో ఏ అధికారి పొరపాటూ లేదు. 2024 జూలై 23న నిర్మలా సీతారామన్ ప్రవేశపెట్టిన బడ్జెట్, రెండు వారాల తరవాత లోక్‌సభలో దానికి చేసిన సవరణ కలిసి తేల్చిన లెక్క ఇది. ఆ బడ్జెట్ దాకా భూమి గానీ ఇల్లు గానీ రెండేళ్లకు మించి దగ్గర ఉంచుకుని అమ్మితే, కొన్న ధరను ధరల సూచీ ప్రకారం పెంచి, ఆ పెంచిన ధరను అమ్మకం ధరలోంచి తీసేసి, మిగిలిన దాని మీద 20 శాతం పన్ను వేసేవారు. ఇండెక్సేషన్ అంటే అదే. సూచీ 2012-13లో 200, 2025-26లో 376. కాబట్టి తెనాలి ఇంటికి తండ్రి పెట్టిన 40 లక్షలు నేటి రూపాయల్లో 75.2 లక్షలు. అమ్మింది 76 లక్షలకు. అంటే పదమూడేళ్లలో ఆ కుటుంబానికి నిజంగా మిగిలింది 80 వేలు. అందులో సగం మీద 20 శాతం కడితే అన్న లెక్క తీరిపోయింది.

2024 బడ్జెట్ ఈ సూచీని తీసేసి, పన్ను రేటును 12.5 శాతానికి తగ్గించింది. 38 లక్షల్లోంచి 20 లక్షలు తీసేయగా మిగిలిన 18 లక్షలూ లాభమే అంటుంది కొత్త లెక్క. దేశమంతటా నిరసన రావడంతో ఆగస్టు 7న లోక్‌సభ ఆమోదించిన సవరణలో ఒక వెసులుబాటు కల్పించారు. జూలై 23కు ముందు కొన్న భూములు, భవనాలకు పాత పద్ధతిలో పన్ను తక్కువ వస్తే ఆ తక్కువే కట్టవచ్చు. కానీ అది దేశంలో నివసించే వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు మాత్రమే. డల్లాస్ చెల్లెలికి ఆ ఎంపిక లేదు.

మళ్లీ ఇల్లే కొనుక్కునేవారికి సెక్షన్ 54 ఉంది కదా, ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి సంస్థల బాండ్లలో అయిదేళ్లపాటు 50 లక్షల దాకా దాచుకుంటే సెక్షన్ 54ఈసీ కింద మినహాయింపు ఉంది కదా అని ఆడిటర్లు చెబుతారు. నిజమే. కానీ ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొనేవారు, అయిదేళ్లు డబ్బు ముట్టకుండా ఉండగలిగేవారు ఎవరు? అవసరం తరుముకొచ్చి అమ్మేవారు కాదు. అమ్మాయి పెళ్లికి, అమ్మ ఆపరేషన్‌కు, అబ్బాయి చదువుకు, అప్పు తీర్చడానికి అమ్మే కుటుంబాలకు ఈ మినహాయింపులేవీ అక్కరకు రావు. పన్ను పూర్తిగా కట్టేది వారే.

ఇదే లెక్కను హైదరాబాద్ పడమటి వైపు తీసుకెళ్లి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. 2004-05లో ఒకాయన అయిదు లక్షలకు ఒక ప్లాటు కొని, 2025-26లో కోటిన్నరకు అమ్మాడనుకుందాం. పాత పద్ధతిలో ఆయన పెట్టుబడి సూచీ ప్రకారం దాదాపు 16.64 లక్షలయ్యేది, మిగిలిన లాభం మీద 20 శాతం పన్ను సుమారు 26.67 లక్షలు. కొత్త పద్ధతిలో 145 లక్షల మీద 12.5 శాతం, అంటే 18 లక్షల 12 వేల చిల్లర. ధర ముప్పై రెట్లు పెరిగినవారికి ఎనిమిదిన్నర లక్షల ఊరట. ధర కేవలం ద్రవ్యోల్బణంతో పాటు నడిచిన తెనాలి ఇంటికి, ఆ సవరణ లేకపోతే, 16 వేలు పోయి నాలుగున్నర లక్షల వాత. పన్ను విధానంలో ఏ సూత్రం ఒప్పుకుంటుంది దీన్ని? ఎక్కువ లాభపడ్డవారి నుంచి ఎక్కువ తీసుకోవాలన్నది ప్రగతిశీల పన్నుకు ప్రాణం. ఇక్కడ అది తలకిందులైంది.

ప్రభుత్వం చెప్పిన కారణాలు తేలికగా కొట్టేయదగ్గవి కావు. షేర్లకు ఒక రేటు, బంగారానికి ఒక రేటు, భూమికి ఒక రేటు ఉంటే గందరగోళం కాబట్టి అన్నిటికీ ఒకే రేటు పెట్టామన్నారు. ఆస్తుల ధరలు ద్రవ్యోల్బణం కంటే చాలా వేగంగా పెరుగుతాయి కాబట్టి ఎక్కువమందికి కొత్త పద్ధతే లాభమన్నారు. మొదటి మాటలో కొంత సత్యముంది. రెండో మాటను లెక్క వేసి చూద్దాం. 2012-13లో కొన్న ఆస్తి 2025-26లో అమ్మితే, ధర దాదాపు 3.35 రెట్లు దాటినప్పుడే 12.5 శాతం పద్ధతి మేలు. అంటే పదమూడేళ్లపాటు ఏటా పదికి కాస్త తక్కువ శాతం చొప్పున పెరగాలి. ఔటర్ రింగు రోడ్డు పక్కన ఖాళీ స్థలానికి అది సాధ్యమే. పాతబడుతున్న అపార్ట్‌మెంటులో రెండు పడకగదుల ఫ్లాటుకు, జిల్లా కేంద్రంలో పెంకుటింటికి, రైల్వే స్టేషన్‌కు దూరంగా ఉన్న కాలనీలో డాబాకు అంత పెరుగుదల రావడం అరుదు. స్థలం ధర పెరుగుతుంది, కట్టడం ధర ఏటా అరుగుతుంది. మధ్యతరగతి చేతిలో ఎక్కువగా ఉండేది కట్టడమే.

పైగా సూచీ కూడా పూర్తి ఉదారంగా లేదు. పట్టణ వినియోగదారుల ధరల సూచీ ఎంత పెరిగిందో అందులో నూటికి 75 వంతులే ఈ పన్ను సూచీలోకి తీసుకుంటారు. అంటే ఇండెక్సేషన్ ఉన్న రోజుల్లోనే ద్రవ్యోల్బణంలో నాలుగో వంతు మీద పన్ను పడుతూనే ఉంది. ఆ కాస్త న్యాయాన్నీ ఇప్పుడు ప్రవాసులకు, కొత్తగా కొనేవారికి లేకుండా చేశారు.

ఈ పన్నుకు మన దేశంలో దాదాపు ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. 1947 ఫిబ్రవరిలో తాత్కాలిక ప్రభుత్వంలో ఆర్థిక సభ్యుడు లియాఖత్ అలీ ఖాన్ దీన్ని మొదట తెచ్చారు. రెండేళ్లకే రద్దయింది. బ్రిటిష్ ఆర్థికవేత్త నికొలస్ కాల్డోర్ సిఫార్సుల మేరకు టి.టి. కృష్ణమాచారి ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు 1957 నుంచి మళ్లీ అమల్లోకి వచ్చింది. ముప్పై అయిదేళ్లపాటు ధరల పెరుగుదలను నేరుగా లెక్కలోకి తీసుకోలేదు. పన్ను సంస్కరణలపై వేసిన రాజా చెల్లయ్య కమిటీ చెప్పాక, మన్మోహన్ సింగ్ 1992 బడ్జెట్‌లో సూచీని ప్రవేశపెట్టారు. సరళీకరణ తొలి రోజుల్లో, ఖజానా ఖాళీగా ఉన్న రోజుల్లో, ప్రభుత్వం ఒప్పుకున్న మాట అది: రూపాయి విలువ తగ్గడం పౌరుడి సంపాదన కాదు. అప్పటి కన్నా ఎన్నో రెట్లు పెద్ద ఆర్థిక వ్యవస్థ ఇప్పుడు ఆ మాటను వెనక్కి తీసుకోవడం నాకు సమంజసంగా కనిపించదు.

వారసత్వం దగ్గరకు వద్దాం. చాలా కుటుంబాల్లో ఉన్న నమ్మకం ఏమిటంటే, తండ్రి నుంచి వచ్చిన ఆస్తికి మనం రూపాయి పెట్టలేదు కాబట్టి దాని మీద పన్ను ఉండదని, లేదా అది మన చేతికి వచ్చిన నాటి విలువ నుంచే లాభం లెక్కిస్తారని. రెండూ తప్పే. వీలునామా, గిఫ్ట్ డీడ్, అవిభక్త కుటుంబ భాగపరిష్కారం ఇవేవీ చట్టం దృష్టిలో 'బదిలీ' కావు. కాబట్టి ఆ రోజున పన్ను లేదు. 1985లో ఎస్టేట్ డ్యూటీ రద్దయ్యాక మరణం మీద కూడా పన్ను లేదు. కానీ లాభం రద్దు కాలేదు. అది ఆస్తితోపాటే కిందికి దిగుతుంది. కొడుకు అమ్మినప్పుడు తండ్రి కొన్న ధరే కొడుకు కొన్న ధర. తండ్రికీ తాత నుంచి వచ్చి ఉంటే తాత ధర. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే, ఆ నాటి మార్కెట్ విలువను ఎంచుకోవచ్చు. కానీ 2020 నుంచి ఆ విలువ, అదే రోజున ఉన్న రిజిస్ట్రేషన్ విలువను దాటకూడదన్న నిబంధన ఉంది. మన ఊళ్లలో 2001 నాటి రిజిస్ట్రేషన్ విలువలు అసలు ధరల దరిదాపుల్లో లేవన్నది భూమి కొన్న ప్రతి కుటుంబానికీ తెలిసిన విషయం.

మరి సూచీని ఎప్పటి నుంచి లెక్కించాలి? చట్టంలోని అక్షరం ప్రకారం, ఆస్తి వారసుడి చేతికి వచ్చిన ఏడాది నుంచి. కానీ 2011లో బాంబే హైకోర్టు ఇది అన్యాయమని గుర్తించింది. తండ్రి ధరనూ తండ్రి కాలాన్నీ వారసుడికి అంటగట్టినప్పుడు, సూచీ కూడా తండ్రి కొన్న ఏడాది నుంచే నడవాలని చెప్పింది. తెనాలి అన్నకు 8,000 పన్ను వచ్చింది ఆ తీర్పు దారిలోనే. తండ్రి 2021-22లో పోయాడనుకుని చట్టం అక్షరం ప్రకారం ఆ ఏడాది నుంచే సూచీ లెక్కిస్తే, 20 శాతం పద్ధతిలో ఆయన పన్ను రెండు లక్షల 85 వేలు దాటేది. అప్పుడు 12.5 శాతం పద్ధతే దిక్కు. ఒక కుటుంబం కట్టాల్సిన పన్ను ఒక హైకోర్టు వ్యాఖ్యానం మీద ఇంతగా ఆధారపడి ఉన్నప్పుడు, ఆ వ్యాఖ్యానాన్ని చట్టంలోకి స్పష్టంగా ఎక్కించడం పార్లమెంటు బాధ్యత.

ఆడపిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. పెళ్లిలో పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం గిఫ్టే, దానికీ తండ్రి ధరే. అన్నదమ్ములకు హక్కు విడుదల దస్తావేజు రాసిచ్చి, బదులుగా డబ్బు తీసుకుంటే మాత్రం, ఆ విడుదలే బదిలీ. ఆ డబ్బు మీద మూలధన లాభాల పన్ను పడవచ్చు. అదే డబ్బు నిజమైన కుటుంబ తగాదాను పెద్దల సమక్షంలో పరిష్కరించుకున్న ఒప్పందంలో భాగమైతే, అది బదిలీ కాదని కోర్టులు చెబుతూ వచ్చాయి. డబ్బు ఒకటే, మనుషులు ఒకరే. దస్తావేజు రాసే లేఖరి ఏ నమూనా తీశాడన్నదాని మీద పన్ను మారిపోతుంది. చాలామంది ఆడపడుచులు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టే ముందు ఆ దస్తావేజు చదవనైనా చదవరు. అలాంటి సంతకం మీద పన్ను భారం నిలబెట్టకూడదు.

కొన్న ధర గురించి ఎవరూ బహిరంగంగా మాట్లాడని సంగతి ఒకటుంది. ఇరవై ఏళ్ల కిందట కొన్న స్థలాల దస్తావేజుల్లో సగానికి సగం తక్కువ ధర రాయించుకోవడం మన దగ్గర మామూలు. అమ్మినవారు తమ లాభాన్ని అలా దాచుకున్నారు. ఇప్పుడు కొన్నవారు అమ్ముతుంటే, ఆ రోజు నగదుగా ఇచ్చిన సొమ్ముకు ఆధారం లేదు కాబట్టి అది కూడా వీరి లాభంగానే లెక్కకొస్తోంది. మరోవైపు రిజిస్ట్రేషన్ విలువ అమ్మకం ధర కంటే పది శాతానికి మించి ఎక్కువైతే, సెక్షన్ 50సీ ప్రకారం ఆ రిజిస్ట్రేషన్ విలువనే అమ్మకం ధరగా పరిగణిస్తారు. అలా ఒక తరం దాచిన లాభం మీద ఇంకో తరం పన్ను కడుతోంది. నల్లధనాన్ని సమర్థించడానికి నేనీ మాట చెప్పడం లేదు. ఇండెక్సేషన్ ఉన్నంతకాలం ఈ దెబ్బలో కొంతైనా ఉపశమనం ఉండేది, ఇప్పుడు ప్రవాసులకు అదీ లేదు.

ప్రవాసుల సమస్య సూచీతో ఆగదు. గుంటూరు అన్న వాటా నుంచి కొనుగోలుదారు ఒక శాతం టీడీఎస్ మినహాయించాలి, 38 వేలు. చెల్లెలి వాటా నుంచి మాత్రం, ఆమె లాభం ఎంతో అధికారి ముందుగా ధ్రువీకరించి సర్టిఫికెట్ ఇవ్వకపోతే, కొనుగోలుదారు మొత్తం అమ్మకం ధర మీదే 12.5 శాతం, పైన సెస్సు పట్టుకుంటారు. దాదాపు 4.94 లక్షలు. కట్టాల్సిన దానికి రెట్టింపు పైగా ముందే పోయింది, మిగతాది రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేస్తే రిజిస్ట్రేషన్ తేదీలోగా వస్తుందన్న హామీ లేదు. దేశంలో ఉండేవారికి ఇతర ఆదాయం తక్కువగా ఉంటే, పన్ను పడని కనీస పరిమితిలో మిగిలిన భాగాన్ని ఈ లాభానికి సర్దుకోవచ్చు. ప్రవాసులకు అదీ లేదు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువారికి ఇంకో దెబ్బ కూడా ఉంది, దాని గురించి ఇక్కడ తక్కువ మందికి తెలుసు. అమెరికా చట్టంలో వారసత్వంగా వచ్చిన ఆస్తికి కొన్న ధర, తండ్రి చనిపోయిన రోజున ఉన్న మార్కెట్ విలువ. మన చట్టంలో తండ్రి కొన్న ధర. తండ్రి పోయిన కొద్దికాలానికే ఇల్లు అమ్మితే అమెరికా లెక్కలో లాభమే ఉండదు, మన లెక్కలో 18 లక్షల లాభం. ఇక్కడ కట్టిన పన్నును అక్కడి పన్నులోంచి తగ్గించుకునే ఏర్పాటు ఉన్నా, అక్కడ ఆ అమ్మకం మీద పన్నే లేనప్పుడు తగ్గించుకోవడానికి ఏముంటుంది? రెండు దేశాల ఒప్పందం ఇచ్చే రక్షణ చాలామందికి ఇలా చేతికందకుండా పోతోంది. ప్రవాసుల పంపకాలతో తెలుగు జిల్లాల్లో ఎన్ని ఇళ్లు లేచాయో, ఎన్ని బడులు, దేవాలయాలు బాగుపడ్డాయో చూసినవారెవరూ, తల్లిదండ్రుల ఇల్లు అమ్ముకునేటప్పుడు వారిని పరాయివాళ్లుగా లెక్కించడాన్ని సమర్థించలేరు.

పన్ను ఎంత అన్నది ఒక ప్రశ్న. ఎప్పుడు అన్నది ఇంకో ప్రశ్న. చట్టం ఆస్తి బదిలీ అయిన ఏడాదిని పట్టుకుంటుంది, డబ్బు చేతికొచ్చిన ఏడాదిని కాదు. మామూలు అమ్మకంలో రెండూ ఒకే రోజు జరుగుతాయి కాబట్టి తేడా తెలియదు. డెవలప్‌మెంటుకు ఇచ్చిన స్థలంలో తెలుస్తుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పాత ఇల్లున్న కుటుంబం బిల్డరుతో సగం సగం ఒప్పందం చేసుకుంటుంది. స్థలం ఇస్తుంది, మూడేళ్లకో నాలుగేళ్లకో ఫ్లాట్లు వస్తాయి. ఒప్పందం మీద సంతకం పెట్టి స్థలం స్వాధీనం చేసిన ఏడాదే బదిలీ జరిగిందని 2014లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు తీర్పు చెప్పింది. పునాది కూడా తీయకముందే పన్ను కట్టాలన్నమాట. ఆ తీర్పుతో ఎన్నో కుటుంబాలకు నోటీసులందాయి. కట్టడం ఆగిపోయినా పన్ను ఆగదు. పంజాబ్ శాసనసభ్యుల హౌసింగ్ సొసైటీ కేసులో 2017 అక్టోబరులో సుప్రీం కోర్టు, రిజిస్టరు కాని ఒప్పందంతో బదిలీ జరిగినట్టు కాదని చెప్పడంతో కొంతమందికి ఊపిరొచ్చింది. అదే ఏడాది పార్లమెంటు సెక్షన్ 45(5ఏ) తెచ్చింది. రిజిస్టరైన ఒప్పందం ఉన్న వ్యక్తులకు, అవిభక్త కుటుంబాలకు ఇకపై పన్ను, కట్టడం పూర్తయినట్టు స్థానిక సంస్థ సర్టిఫికెట్ ఇచ్చిన ఏడాదిలో.

మంచి సవరణ. కానీ సగమే. సర్టిఫికెట్ వచ్చిన రోజున స్థల యజమాని చేతికి వచ్చేది ఫ్లాట్లు, డబ్బు కాదు. ఆ రోజు తన వాటా ఫ్లాట్ల రిజిస్ట్రేషన్ విలువంతా అమ్మకం ధరగా తీసుకుని లాభం లెక్కిస్తారు. ఆ పన్ను కట్టాలంటే ఒక ఫ్లాటు అమ్మాలి. కట్టిన వెంటనే అమ్మాల్సిన ఫ్లాటుకు ధర ఎవరిస్తారు? పైగా స్థలం ఇచ్చి ఇల్లు పొందేవారికి వర్తించే సెక్షన్ 54ఎఫ్ మినహాయింపు ఒక్క ఇంటికే. నలుగురు పిల్లలకు నాలుగు ఫ్లాట్లు అనుకుని తండ్రి స్థలం ఇచ్చినా, చట్టం ఒక్క ఫ్లాటునే నివాసంగా గుర్తిస్తుంది. ఫ్లాటు అమ్మినప్పుడే పన్ను పడేలా చేస్తే ప్రభుత్వానికి నష్టం లేదు. ప్రతి ఫ్లాటూ రిజిస్టరవుతుంది, ప్రతి రిజిస్ట్రేషన్‌కూ పాన్ ఉంటుంది. లాభం ఎక్కడికీ పారిపోదు.

పార్లమెంటుకు ఈ న్యాయం తెలియదని కాదు. అమరావతి విషయంలో అది అర్థం చేసుకుంది. రాజధాని కోసం రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూ సమీకరణ కింద ఇచ్చారు. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. నీటి వసతి ఉన్న జరీబు ఎకరానికి వెయ్యి గజాలు, 450 గజాలు. భూమి ఇచ్చారు, డబ్బు రాలేదు, చట్టం ప్రకారం చూస్తే బదిలీ మాత్రం జరిగిపోయింది. 2017 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ దీనికి ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. 2014 జూన్ 2 నాటికి, అంటే రాష్ట్రం విడిపోయిన రోజుకు, భూమి యజమానులుగా ఉన్నవారికి భూమి ఇచ్చినప్పుడు పన్ను లేదు, సమీకరణ యాజమాన్య పత్రాలు అమ్మినా లేదు, తిరిగొచ్చిన ప్లాటును స్వాధీనమైన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్లలోపు అమ్మితే లేదు. ఆ తరవాత అమ్మితే, గడువు ముగిసిన రోజున ఉన్న రిజిస్ట్రేషన్ విలువను కొన్న ధరగా తీసుకుంటారు. జూన్ 2 తరవాత వచ్చి కొన్నవారిని మినహాయింపు పరిధిలోకి తేకపోవడం సరైన నిర్ణయమని నేననుకుంటాను. పొలం దున్నిన చేతికీ, రాజధాని వాసన పట్టి కొన్న చేతికీ తేడా చూపింది.

అయితే ఆ రెండేళ్ల గడియారం అమరావతికి సరిపోలేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రావడంతో పనులు ఆగాయి. 2022 మార్చి 3న అమరావతికి అనుకూలంగా హైకోర్టు తీర్పు వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక పనులు మళ్లీ పట్టాలెక్కాయి. 2025 మే 2న ప్రధాని వచ్చి వాటిని పునఃప్రారంభించారు. ఆ మధ్య కాలంలో కాగితం మీద ప్లాటు ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది, దానికి వెళ్లే రోడ్డు లేదు, నీళ్లు లేవు, కరెంటు స్తంభం లేదు. రిజిస్ట్రేషన్ జరిగిన రోజునే ప్లాటు స్వాధీనమైందని లెక్కిస్తే, అమ్మడానికి కొనేవాడే లేని రోజుల్లో రైతు గడువు అయిపోతుంది. గడువు ముగిసిన ఆ పాడు రోజుల విలువే కొన్న ధరగా మిగిలి, పనులు పుంజుకున్నాక వచ్చే పెరుగుదల అంతా పన్ను వేయదగ్గ లాభమవుతుంది. ఇంటి ప్లానుకు అనుమతి వచ్చే స్థాయిలో రోడ్డు, నీరు, విద్యుత్తు అందిన రోజును స్వాధీనంగా పరిగణించాలి. ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఆ సెక్షన్ అమరావతి పథకాన్ని పేరుపెట్టి చెప్పింది. రేపు ఇంకో ఊళ్లో ప్రభుత్వం భూ సమీకరణ చేపడితే, అక్కడి రైతుకు అది వర్తించదు. భూమికి బదులు భూమి ఇచ్చే ప్రతి ప్రభుత్వ పథకానికీ ఒకే సాధారణ సూత్రం ఉండాలి. ప్రతిసారీ ఢిల్లీ వెళ్లి విన్నపాలు చేసుకునే పరిస్థితి రాకూడదు.

వ్యవసాయ భూమి సంగతి ఒక్క మాటలో. పల్లె పొలం అమ్మితే ఈ పన్నే లేదు, అది చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు. కానీ మున్సిపాలిటీ జనాభాను బట్టి దాని సరిహద్దు నుంచి ఆకాశ మార్గంలో కొలిచిన 2, 6, 8 కిలోమీటర్ల లోపు వస్తే అది మూలధన ఆస్తి. 2018లో తెలంగాణలో ఎన్నో గ్రామ పంచాయతీలు మున్సిపాలిటీలయ్యాయి. రైతు అదే చేను దున్నుతున్నాడు. సరిహద్దు జరిగింది కాబట్టి పన్ను పరిధిలోకి వచ్చాడు. ఆ మార్పు జరిగిన రోజున ఉన్న విలువను కొన్న ధరగా ఇవ్వడం కనీస న్యాయం. అమరావతి ప్లాటుకు ఇచ్చిన సూత్రమే ఇది, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

1961 చట్టం స్థానంలో, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టి, 2025 ఆదాయపు పన్ను చట్టం తెచ్చారు. భాష సరళమైంది, సెక్షన్ల అంకెలు మారాయి (పైన చెప్పినవి పాత చట్టంలోని అంకెలు). పైన చెప్పిన లెక్కల సారం మారలేదు. పాత కొనుగోళ్లకు ఇచ్చిన వెసులుబాటు పాతవారికే ఉంటుంది. 2024 జూలై 23న, ఆ తరవాత ఇల్లు కొన్నవారికి ఆ ఎంపిక ఎప్పటికీ లేదు. ఆ రోజు కొన్న ఇల్లు 2026 జూలైలో దీర్ఘకాలిక ఆస్తి అవుతుంది. అక్కడి నుంచి ఏటేటా కొత్త పద్ధతి కిందికి వచ్చే కుటుంబాల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. బ్యాంకు అప్పుతో 50 లక్షలకు ఫ్లాటు కొన్న ఉపాధ్యాయురాలిని తీసుకుందాం. పదిహేనేళ్లపాటు ధరలు, ఆ ఫ్లాటు విలువ రెండూ ఏటా 5 శాతం చొప్పున సమానంగా పెరిగితే, ఆమె దాన్ని కోటీ నాలుగు లక్షలకు అమ్ముతుంది. నిజమైన లాభం సున్నా. ఆ డబ్బు కూతురి వైద్య విద్యకో, భర్త చికిత్సకో పోతే మినహాయింపు ఏదీ అందదు. సర్‌ఛార్జి, సెస్సు కాక ఆమె కట్టాల్సిన పన్ను ఆరు లక్షల 75 వేలు. 20 శాతం రేటుతో ఇండెక్సేషన్ ఎంచుకునే హక్కును ఆమెకూ, డల్లాస్‌లోని ఆ చెల్లెలికీ ఇవ్వడానికి కొత్త పద్ధతిని రద్దు చేయనక్కర్లేదు. వచ్చే ఆర్థిక బిల్లులో రెండు షరతులు తొలగిస్తే చాలు: 'నివాసి' అన్న మాట, 2024 జూలై 23 అన్న తేదీ.